తూలినా నిలబడొచ్చు... నేర్చుకుంటే!

అరవై దాటినవాళ్లకు ఇంట్లో రోజూ వినిపించే మాట ఒకటుంది: ‘జాగ్రత్త!’ మెట్లు దిగుతుంటే జాగ్రత్త. బాత్రూమ్‌కు వెళ్తుంటే జాగ్రత్త. కూరగాయలకు బయల్దేరితే ‘మీకెందుకు శ్రమ, మేం తెస్తాం కదా!’ ప్రేమతోనే అంటారు. కానీ జాగ్రత్త ఒక్కటీ ఉంటే కాళ్లకు బలం రాదు. అడుగు చురుగ్గా పడదు.

మీకు కావలసింది సాధన.

కాలు జారడం, గడప తగలడం, ఒక్క క్షణం తూలడం ఎవరికైనా జరుగుతాయి. మీ మనవడూ రోజుకు ఎన్నోసార్లు తూలుతాడు. కానీ వాడి కాలు టక్కున ముందుకు పడి ఒంటిని ఆపేస్తుంది. మిమ్మల్ని కాపాడేదీ ఆ ఒక్క అడుగే. దాన్ని అరవైలో పదును పెట్టుకోవచ్చు. డెబ్బైలో పెట్టుకోవచ్చు. ఎనభైలోనూ పెట్టుకోవచ్చు.

ఎలాగో చూద్దాం. మొదలు పెడదామా?

ముందు మైండ్‌సెట్ మార్చండి

65 దాటిన ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు ఏడాదిలో ఒకసారైనా పడుతున్నారు. పడిపోవడం వల్ల ప్రపంచవ్యాప్తంగా ఏటా 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో 60 దాటినవాళ్లే ఎక్కువ.

ఈ అంకెలు మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. వ్యాయామంతో ఈ ముప్పు తగ్గుతుందని చెప్పడానికే. 2019లో కాక్రేన్ సంస్థ ప్రపంచవ్యాప్త పరిశోధనలన్నిటినీ జల్లెడ పట్టింది. వ్యాయామం చేసే పెద్దవాళ్లలో పడిపోవడం 23 శాతం తగ్గింది. బ్యాలెన్స్ సాధనకు కండరాల బలం పెంచే వ్యాయామాలు కలిపితే ఏకంగా 34 శాతం తగ్గింది.

కాబట్టి ఈ మూడు మాటలూ ఈరోజే మార్చేయండి.

- ‘వయసు కదా, ఇంతే’ అనకండి. ‘వయసు కదా, ఇప్పుడే సాధన చేయాలి’ అనండి.
- ‘నా వల్ల కాదు’ అనకండి. ‘గట్టు పట్టుకుని చేస్తాను’ అనండి.
- ‘చేతికర్ర పట్టుకుంటే ముసలివాణ్నంటారు’ అనుకోకండి. ‘కర్ర ఉంటే నా ఇష్టం వచ్చినంత దూరం నడుస్తాను’ అనుకోండి.

కర్ర వాడుతుంటే ఒక విషయం గుర్తుంచుకోండి. చెయ్యి కిందికి వదిలినప్పుడు కర్ర పిడి మణికట్టు ఎత్తులో ఉండాలి. బలహీనంగా ఉన్న కాలికి అవతలి చేత్తో పట్టుకోవాలి. కుడి మోకాలు నొప్పైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలన్నమాట.

మీ ఒంట్లోనే ముగ్గురు కాపలాదారులు

బ్యాలెన్స్ అనేది ఒక్క అవయవం పని కాదు. కళ్లు దారి చూపిస్తాయి. లోపలి చెవి తల ఎటు కదులుతోందో చెబుతుంది. పాదాలు, కీళ్లు నేల ఎలా ఉందో చెబుతాయి. మెదడు ఈ మూడు కబుర్లనూ కలుపుకుని కండరాలకు ఆర్డర్ వేస్తుంది.

ఒక కాపలాదారు మందగిస్తే మిగతా ఇద్దరి మీద భారం పడుతుంది. శుక్లం వస్తే చూపు తగ్గుతుంది. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. రేపు పొద్దున్నే గమనించండి. కళ్లు మూసుకుని ముఖం కడుక్కునేటప్పుడు తూలుతున్నారా? చెయ్యి దానంతటదే వాష్‌బేసిన్ కోసం వెతుకుతోందా? అయితే పాదాల నుంచి కబురు సరిగా అందడం లేదేమో. ఈ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

మరి తూలినప్పుడు ఒళ్లు ఏం చేస్తుంది? దాని దగ్గర మూడు ఉపాయాలున్నాయి.

1. చిన్న కుదుపైతే చీలమండ దగ్గరే సర్దుకుంటుంది. పాదాలు కదలవు.
2. కాస్త పెద్ద కుదుపైతే నడుం దగ్గర వంగి సర్దుకుంటుంది.
3. ఇంకా పెద్దదైతే అడుగు వేస్తుంది.

ఆర్టీసీ బస్సులో నిలబడి వెళ్లిన ప్రతిసారీ మీరు ఈ మూడూ చేశారు. ఎవరూ నేర్పలేదు. వయసు పెరిగేకొద్దీ మూడో ఉపాయం నెమ్మదిస్తుంది. అడుగు ఆలస్యంగా పడుతుంది, చిన్నగా పడుతుంది. మన సాధనంతా దాన్ని మళ్లీ వేగంగా, పెద్దగా, సరైన దిక్కుకు వేయించడానికే.

ఒళ్లు నేర్చుకుంటుంది. ఇదిగో రుజువు

షికాగోలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో 65 దాటినవాళ్లను ఒక ప్రత్యేకమైన బాట మీద నడిపించారు. పై నుంచి వేలాడే సేఫ్టీ బెల్టు కట్టారు. నడుస్తుండగా కాలి కింద పలక జారేలా చేశారు. ఒక్క సెషన్‌లో 24 సార్లు జారించారు. ఆ తర్వాత ఏడాది పాటు గమనిస్తే, ఈ శిక్షణ పొందినవాళ్లు మామూలు జీవితంలో పడటం దాదాపు సగానికి తగ్గింది. 2014లో ఈ ఫలితాలు వచ్చాయి. ఇలాంటి జారుడు శిక్షణ ఇంట్లో చేయకూడదు. కానీ పాఠం మాత్రం తీసుకోండి. ఎలా ఆపుకోవాలో ఒంటికి ఒకసారి నేర్పితే అది గుర్తుపెట్టుకుంటుంది. చిన్నప్పుడు నేర్చుకున్న సైకిల్ లాగే.

కెనడాలో సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీ పరిశోధకులు వృద్ధాశ్రమాల్లోని కెమెరాల్లో రికార్డైన 227 పడిపోయిన ఘటనల్ని ఒక్కొక్కటిగా పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. జారి పడినవి కేవలం 3 శాతం! 41 శాతం మంది ఒంటి బరువును ఒక కాలి నుంచి ఇంకో కాలి మీదికి సరిగా మార్చుకోలేక పడ్డారు. అంటే పక్కకు తిరుగుతూ, కుర్చీలో కూర్చోబోతూ, నిలబడి ఏదో అందుకోబోతూ. కాలికి ఏదో తగిలి పడినవాళ్లు 21 శాతం.

అర్థమైంది కదా? టైల్స్ తడి లేకుండా చూసుకోవడం మంచిదే. కానీ బరువు మార్చుకోవడం నేర్చుకోవడం అంతకంటే పెద్ద పని.

ఇప్పుడు మీ స్కోరు చూసుకోండి

పక్కన ఒకరిని నిలబెట్టుకోండి. గట్టు లేదా గోడ అందుబాటులో ఉండాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి.

టెస్ట్ 1: నిలబడటం. నాలుగు రకాలుగా నిలబడాలి, ఒక్కోటి 10 సెకన్లు. మొదట పాదాలు పక్కపక్కన ఆనించి. తర్వాత ఒక పాదం బొటనవేలి పక్కన రెండో పాదం మడమ లోపలి అంచు ఉంచి. తర్వాత ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు తగిలేలా ఒకే గీత మీద. చివరికి ఒంటికాలి మీద. మూడోది 10 సెకన్లు నిలబడలేకపోతే పడిపోయే ముప్పు ఎక్కువని అర్థం.

టెస్ట్ 2: కుర్చీ. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 65 నుంచి 69 ఏళ్ల మధ్య ఉంటే మగవాళ్లు కనీసం 12, ఆడవాళ్లు కనీసం 11 చేయాలి.

టెస్ట్ 3: లేచి నడక. కుర్చీ నుంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోండి. 12 సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే కాళ్లకు పని చెప్పాల్సిందే.

స్కోరు తక్కువ వచ్చిందా? కంగారు పడకండి. తేదీ వేసి క్యాలెండర్ మీద రాయండి. ఇది మీ మొదటి మెట్టు. రెండు నెలల తర్వాత ఇదే టెస్ట్ మళ్లీ చేస్తారు.

వంటింటి గట్టే మీ జిమ్

ఖరీదైన మెషీన్లు అక్కర్లేదు. ముందు గట్టు, వెనక గోడకు ఆనించిన గట్టి కుర్చీ. చక్రాల కుర్చీ, ప్లాస్టిక్ స్టూలు వద్దు. తల తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే ఆపండి. ఈమధ్య ఆపరేషన్ జరిగినా, తరచూ పడుతున్నా ముందు డాక్టర్‌నో ఫిజియోథెరపిస్ట్‌నో కలిసి మొదలుపెట్టండి.

1. లేచి కూర్చోవడం: 10 సార్లు. కూర్చునేటప్పుడు ధబేల్‌మని వాలిపోవద్దు. మనసులో మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగండి. తొడలకు అసలు పని అక్కడే.
2. మడమలు, మునివేళ్లు: గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం 10 సార్లు. తర్వాత మడమల మీద నిలబడి మునివేళ్లు ఎత్తడం 10 సార్లు. నడిచేటప్పుడు వేళ్లు గడపకు తగలకుండా కాపాడేది ఈ రెండోదే.
3. గీత మీద నడక: గట్టు పక్కనే, మడమకు వేళ్లు ఆనిస్తూ 10 అడుగులు. చూపు ఎదురుగా ఉండాలి.
4. ఒంటికాలు: ఒక్కో కాలి మీద 10 సెకన్లు.
5. పక్క అడుగులు: గట్టు వెంట కుడికి 10, ఎడమకు 10. పక్కకు పడితేనే తుంటి ఎముక విరిగే ప్రమాదం ఎక్కువ. కాబట్టి దీన్ని మానొద్దు.
6. ఒరిగి ఆపుకోవడం: గట్టుకు అడుగున్నర దూరంలో నిలబడండి. చేతులు గట్టుకు దగ్గరగా ఉంచి, నడుం వంచకుండా ఒళ్లంతా నిటారుగా ముందుకు ఒరగండి. మడమలు లేవబోతున్నాయి అనిపించగానే ఒక పెద్ద అడుగు ముందుకు వేసి ఆగండి. కుడి కాలితో 5, ఎడమ కాలితో 5.
7. పిలిస్తే అడుగు: ఇంట్లో ఒకరు ‘ముందు’, ‘వెనక’, ‘కుడి’, ‘ఎడమ’ అని ఇష్టం వచ్చిన వరసలో పిలవాలి. వినగానే ఆ దిక్కుకు ఒక్క అడుగు వేగంగా వేసి, వెంటనే మొదటి చోటుకు రావాలి. మనవలకు ఈ పని అప్పగించండి. వాళ్లు మిమ్మల్ని వదలరు!

చివరి రెండింటినీ ప్రత్యేకంగా చూడండి. అడుగు వేయడం మీద శిక్షణ ఇచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి ఆస్ట్రేలియా పరిశోధకులు పరిశీలిస్తే, పడిపోవడం దాదాపు సగానికి తగ్గినట్టు తేలింది.

తేలిగ్గా అనిపించిన రోజున కష్టం పెంచండి. మొదట రెండు చేతులతో గట్టు పట్టుకోండి. తర్వాత ఒక చెయ్యి. తర్వాత రెండు వేళ్లు. తర్వాత చెయ్యి గట్టుకు తగలకుండా, కానీ పక్కనే. కాస్త తూలుతున్నట్టు అనిపిస్తేనే మెదడు నేర్చుకుంటుంది. కదలకుండా నిలబడగలిగిన చోట పాఠం అయిపోయినట్టే!

వారానికి కనీసం మూడు రోజులు బ్యాలెన్స్ సాధన ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నడకతో కలిపి వారానికి 3 గంటలు లక్ష్యంగా పెట్టుకోండి.

అలవాటును అలవాటుకు ముడివేయండి

‘టైమ్ దొరకడం లేదు’ అనే మాట వద్దు. రోజూ ఎలాగూ చేసే పనులకు దీన్ని తగిలించండి.

- పాలు కాగేలోపు మడమలు ఎత్తడం.
- పళ్లు తోముకునేటప్పుడు ఒక చెయ్యి బేసిన్ మీద వేసి ఒంటికాలి మీద నిలబడటం.
- సీరియల్ మధ్య ప్రకటనలు వస్తే కుర్చీలోంచి లేచి కూర్చోవడం.
- సాయంత్రం పార్కుకు నడక. జత ఉంటే మానరు కాబట్టి ఒక మిత్రుడిని తోడు తెచ్చుకోండి.

ఇంకో సాధన ఉంది. మాట్లాడుతూ నడవడం. స్వీడన్‌లో 1997లో ఒక ఆసక్తికరమైన సంగతి గమనించారు. నడుస్తుండగా ఎవరైనా మాట కలిపితే చాలు, కొందరు పెద్దవాళ్లు టక్కున ఆగిపోతున్నారు. అలా ఆగిపోయినవాళ్లే ఆ తర్వాతి ఆరు నెలల్లో ఎక్కువగా పడ్డారు. కాబట్టి అడ్డంకులేమీ లేని వరండాలో నడుస్తూ చుట్టాల పేర్లు చెప్పండి. 100 నుంచి మూడేసి తగ్గిస్తూ లెక్కపెట్టండి. కానీ రోడ్డు మీద, మెట్ల మీద ఫోన్ మాత్రం వద్దు. మోగనివ్వండి. కూర్చున్నాక మీరే చేయండి.

రాత్రి లేచేటప్పుడు మూడు అంచెలు

రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. బాత్రూమ్‌కు తొందర. చటుక్కున లేస్తారు. ఒక్కసారిగా నిలబడితే రక్తం కాళ్లలోకి దిగుతుంది. బీపీ పడిపోతుంది. కళ్లు చీకట్లు కమ్ముతాయి. నిలబడిన మూడు నిమిషాల్లో బీపీ పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే అది డాక్టర్ చూడాల్సిన సమస్య.

ఈరోజు నుంచే ఇలా చేయండి.

1. ముందు లైట్. స్విచ్ గానీ టార్చి గానీ చేతికందే చోట ఉండాలి.
2. మంచం అంచున కూర్చోండి. పాదాలు నేల మీద ఆనించి పైకీ కిందకీ ఆడించండి. నిదానంగా ముప్పై లెక్కపెట్టండి.
3. లేచి మంచం పట్టుకునే పది లెక్కపెట్టండి. తల తిరగకపోతేనే కదలండి.

ఒక్క పూటలో ఇల్లు సర్దండి

ఇంట్లో ఉన్నదంతా మార్చక్కర్లేదు. ముఖ్యమైనవి చేస్తే చాలు.

- గడపల దగ్గర జారే కాళ్లపట్టాలు తీసేయండి. కింద రబ్బరు ఉన్నవే వేయండి.
- కమోడ్ పక్కన, స్నానం చేసే చోట గోడకు స్టీలు హ్యాండిల్ బిగించండి. తువ్వాలు రాడ్ మీ బరువు ఆపదు.
- స్నానానికి ఎత్తైన, జారని స్టూలు. బకెట్, మగ్గు వంగకుండా అందే ఎత్తులో.
- మెట్లకు రెండు వైపులా రెయిలింగ్. మొదటి మెట్టు, చివరి మెట్టు అంచున మెరిసే రంగు గీత.
- అరిగిన హవాయి చెప్పులు పారేయండి. మడమ వెనక పట్టీ ఉన్నవి కొనండి.
- చీర కుచ్చిళ్లు, పంచె, లుంగీ, నైటీ అంచు చీలమండకు పైనే ఉండాలి.
- రోజూ వాడే డబ్బాలు నడుం నుంచి భుజం వరకు ఉండే అరల్లోకి దించండి. స్టూలెక్కే పనికి స్వస్తి చెప్పండి.

దగ్గరి చూపు, దూరం చూపు కలిసి ఉన్న కళ్లద్దాలు వాడుతున్నారా? మెట్లు దిగేటప్పుడు కింది భాగంలోంచి మెట్టు మసగ్గా కనిపిస్తుంది. బయట నడకకు దూరం చూపు అద్దాలు వేరుగా చేయించుకోవడం గురించి కంటి డాక్టర్‌ను అడగండి. శుక్లం ఆపరేషన్ వాయిదా వేస్తుంటే ఇక చాలు, తేదీ తీసుకోండి.

మందుల సంచి తీసుకెళ్లండి

నిద్రమాత్రలు, బీపీ మాత్రలు, మూత్రం ఎక్కువ వచ్చే మాత్రలు, మత్తు వచ్చే జలుబు మందులు తూలేలా చేయవచ్చు. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. వాడుతున్నవన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ఒకే ప్రశ్న అడగండి: ‘వీటిలో ఏవైనా నన్ను తూలేలా చేస్తాయా?’ మంచం మీద దొర్లినా, తల పైకెత్తినా గదంతా గిర్రున తిరుగుతోందా? అది లోపలి చెవి సమస్య కావచ్చు. తలను ఒక వరసలో తిప్పించే చికిత్సతో చాలామందికి త్వరగా నయమవుతుంది. భరిస్తూ కూర్చోకండి.

భయానికి పగ్గాలు ఇవ్వకండి

ఒకసారి పడితే భయం పట్టుకుంటుంది. భయంతో నడక తగ్గుతుంది. నడక తగ్గితే కండరం కరుగుతుంది. కండరం కరిగితే మళ్లీ పడతారు. ఈ గొలుసును తెంపేది మీరే. కదలడం మానకండి. చిన్నగా మొదలుపెట్టండి. నిన్న గేటు దాకా వెళ్లారా? ఈరోజు పక్కింటి దాకా.

ఇంకో ధైర్యం కూడా సంపాదించుకోండి. పడితే ఎలా లేవాలో తెలిసి ఉండటం!

1. వెంటనే లేవొద్దు. ఊపిరి తీసుకోండి. ఎక్కడ నొప్పి ఉందో చూసుకోండి.
2. కాలు కదపలేకపోతున్నా, తుంటి దగ్గర విపరీతమైన నొప్పి ఉన్నా కదలకండి. కేకేయండి. 108కి ఫోన్ చేయించండి.
3. దెబ్బ లేకపోతే పక్కకు ఒత్తిగిలండి. మోచేతి మీద లేచి, మోకాళ్లు, చేతుల మీదికి రండి.
4. పాకుతూ గట్టి కుర్చీ దగ్గరకు వెళ్లండి. రెండు చేతులూ సీటు మీద వేయండి.
5. బలమైన కాలి పాదం నేల మీద ఆనించి, చేతులతో నొక్కి లేచి, తిరిగి కుర్చీలో కూర్చోండి.

తలకు దెబ్బ తగిలిందా? రక్తం పలచబడే మందులు వాడుతున్నారా? పైకి గాయం కనిపించకపోయినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. ‘పిల్లలు కంగారు పడతారు’ అని దాచొద్దు. పడిన సంగతి ఇంట్లో చెప్పండి, డాక్టర్‌కూ చెప్పండి. ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తుండగా పడ్డారో చెబితేనే కారణం దొరుకుతుంది.

పిల్లలకు ఒక మాట

అమ్మానాన్నల చేతిలో పనులన్నీ లాక్కోకండి. ఆయన్ని మొక్కలకు నీళ్లు పోయనివ్వండి. ఆవిడను కూరగాయలు ఏరి తెచ్చుకోనివ్వండి. ‘జాగ్రత్త’ అనే ముందు ‘రండి, కలిసి చేద్దాం’ అనండి. అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్నారా? వీడియో కాల్‌లో ‘పిలిస్తే అడుగు’ మీరే పిలవండి. అటువైపు గట్టు పక్కన ఎవరో ఒకరు ఉండేలా మాత్రం చూసుకోండి. కుశల ప్రశ్నలూ అవుతాయి, వ్యాయామమూ అవుతుంది.

మొదటి వారం మీ ప్లాన్

- సోమవారం: మూడు టెస్టులు. స్కోరు క్యాలెండర్ మీద.
- మంగళవారం: 1, 2, 3 వ్యాయామాలు.
- బుధవారం: ఇల్లు సర్దడం. హ్యాండిల్ బిగించేవాళ్లకు ఫోన్.
- గురువారం: 1 నుంచి 5 వరకు.
- శుక్రవారం: మందుల సంచితో డాక్టర్ దగ్గరకు.
- శనివారం: మొత్తం ఏడు. ఇంట్లో ఒకరు తోడుగా.
- ఆదివారం: మిత్రుడితో నడక.

రెండో వారం నుంచి సోమ, బుధ, శుక్రవారాలు గట్టు దగ్గర, మిగతా రోజులు నడక. ఒకరోజు తప్పిందా? మర్నాడు మళ్లీ మొదలుపెట్టండి, అంతే. న్యూజిలాండ్‌లోని ఒటాగోలో 1990లలో రూపొందించిన ఇంటి వ్యాయామాలతో 80 దాటిన అమ్మమ్మలు కూడా కాళ్లు బలపరుచుకున్నారు. ఆ ప్రోగ్రామ్ పడిపోవడాన్ని మూడో వంతుకు పైగా తగ్గించింది. వాళ్లు చేసింది వారానికి మూడుసార్లు ఇంట్లోనే వ్యాయామం, వీలైనప్పుడు నడక. మీరూ చేయగలరు.

పత్రిక పక్కన పెట్టండి. గట్టి కుర్చీ ఒకటి గోడకు ఆనించండి. ఇంట్లో ఒకరిని పిలవండి. మొదటి పది లేవడాలు ఇప్పుడే పూర్తి చేయండి.